మంజీర ఒడ్డున రెండు నిమిషాలు

మీ రెజ్యూమెలో 'గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్' అనే లైను ఉండే ఉంటుంది. అందరి రెజ్యూమెల్లోనూ ఉంటుంది. హెచ్‌ఆర్ రౌండ్‌లో ఎదుటాయన ఆ లైనే పట్టుకుని 'మీ ఊరి గురించి రెండు నిమిషాలు చెప్పండి' అంటే మాత్రం చాలామంది 'మా ఊరు చాలా ప్రశాంతంగా ఉంటుంది సర్, చుట్టూ పచ్చదనం' దగ్గరే ఆగిపోతారు. పటాన్‌చెరు నుంచి వెళ్లినవాళ్లదీ ఇదే జవాబు. పటాన్‌చెరు ప్రశాంతంగా ఉంటుందట!

ఆ రెండు నిమిషాలు మాట్లాడటం ఎలాగో మీకంటే ముందు ఎనిమిదో తరగతి పిల్లలు నేర్చుకునే వీలుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి ఉండాలని జాతీయ విద్యా విధానం 2020 చెప్పింది. వాటిని ఎలా నడపాలో 2024 జులైలో ఎన్‌సీఈఆర్‌టీ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఆ పది రోజుల్లో ఒక రోజు పిల్లల్ని నది ఒడ్డుకు తీసుకెళ్లి, చూసినదాని మీద కవిత రాయించి, ఆ కవితను వాళ్ల గొంతుతోనే, వాళ్లు తీసిన ఫొటోలతోనే చిన్న వీడియోగా చేయిస్తే చాలు. దీన్నే డిజిటల్ స్టోరీటెల్లింగ్ అంటున్నారు. 1990ల్లో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్ బృందం దీన్నొక పద్ధతిగా మలిచింది. రెండు మూడు నిమిషాల నిడివి, సొంత గొంతు, కొన్ని స్టిల్ ఫొటోలు, అంతే. డ్రోన్ షాట్లు అక్కర్లేదు, వెనకాల సినిమా పాట అసలే అక్కర్లేదు.

'ప్లేస్‌మెంట్స్ దగ్గర పడుతుంటే పిల్లల పిక్నిక్‌తో మాకేం పని' అనకండి. పని ఉంది.

సంగారెడ్డి పక్కనే మంజీర అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు. మొసళ్లు, నీటికాకులు, చలికాలం వలస పక్షులు, దశాబ్దాలుగా హైదరాబాద్‌కు తాగునీళ్లు పంపుతున్న బ్యారేజీ, అన్నీ ఒక్కచోటే. అక్కడ బుడుబుంగ పిట్టను చూసిన పిల్ల 'అందమైన పక్షి' అని రాస్తే టీచర్ ఆ మాట కొట్టేసి, 'అది ఏం చేసింది?' అని అడగాలి. అప్పుడు ఆ పిల్ల మళ్లీ చూస్తుంది. మునిగింది, పది లెక్కపెట్టేలోపు ఇంకోచోట తేలింది అని రాస్తుంది. కవిత్వానికి ఇంకా చాలా కావాలి, ఒప్పుకుంటాను. కానీ మొదలు మాత్రం ఇక్కడే.

ఇప్పుడు మీ సంగతికి రండి. టెస్టింగ్ ఉద్యోగంలో చేరిన ఫ్రెషర్ 'యాప్ సరిగ్గా పనిచేయడం లేదు' అని బగ్ రిపోర్ట్ రాస్తే డెవలపర్ దాన్ని తిప్పి పంపిస్తాడు. ఏ ఫోన్‌లో, ఏ బటన్ నొక్కాక, ఎన్నోసారి ఆగిపోయింది? అది కావాలి. పాశమైలారంలోనో బొల్లారంలోనో ఫార్మా కంపెనీ క్వాలిటీ విభాగంలో చేరినా ఇదే తంతు. డీవియేషన్ రిపోర్టులో ఎప్పుడు, ఎక్కడ, ఏం కనిపించిందో రాయాలి, మీకేమనిపించిందో కాదు. బుడుబుంగను చూసి రాసిన పిల్ల చేసిందీ అదే పని. నాలుగేళ్ల బీటెక్‌లో దీనికి ఒక్క క్లాసు ఉండదు!

చాట్‌బాట్‌ను అడిగితే మంజీర మీద కవిత పది సెకన్లలో ఇస్తుంది. గలగలలు, కిలకిలలు, తల్లి ఒడి, అన్నీ ఉంటాయి, తప్పుల్లేకుండా. ఊరి పేరు మార్చి దాన్నే కృష్ణకూ గోదావరికీ అతికించొచ్చు, ఎవరూ పట్టుకోలేరు. అందుకే మొదటి ప్రతి ఒడ్డునే, నోట్‌బుక్‌లోనే రాయాలి. ఫోన్ తర్వాత. ఎడిటింగ్‌కూ సబ్‌టైటిల్స్‌కూ టూల్స్ వాడుకోండి, దానికి నేనేం అడ్డు చెప్పను.

ఇదంతా కొత్త అనుకుంటే మన జిల్లాలోనే జహీరాబాద్ దాకా వెళ్లాలి. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు 1990లలోనే వీడియో కెమెరా పట్టారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. ఇంగ్లిష్ పదాలతో పని లేకుండా షాట్లకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది 'పటేల్ షాట్', కళ్లెదురుగా సమానంగా చూసేది 'సంఘం షాట్'. ఫిల్మ్ స్కూల్ పాఠం మొత్తం ఆ రెండు పేర్లలో ఉందనిపిస్తుంది నాకు. 2008 అక్టోబర్ 15న మాచునూరులో సంఘం రేడియో కూడా మొదలుపెట్టారు. విత్తనాలు, పంటలు, పాటలు, అంతా వాళ్ల మాటల్లోనే. మీ దగ్గరున్న ఫోన్ వాళ్ల మొదటి కెమెరా కన్నా ఎన్నో రెట్లు మెరుగైనది.

ఇక ఇబ్బందిపెట్టే విషయం. విహారానికి బస్సు మంజీరకే పోతుంది, నక్కవాగుకు పోదు. పారిశ్రామికవాడ వ్యర్థాలను ఏళ్ల తరబడి మోసిన ఆ వాగు చివరికి కలిసేది మంజీరలోనే. పటాన్‌చెరులో 90 దాకా మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ప్రపంచం అప్పుడు ఉలిక్కిపడింది కానీ, వాగు పక్క ఊళ్లవాళ్లు అంతకుముందే మొత్తుకున్నారు. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాలు దీనిమీద పోరాడారు. సుప్రీంకోర్టులో 1990లో వేసిన కేసు చివరికి హరిత ట్రిబ్యునల్ దాకా నడిచింది. ఇవన్నీ మొదలైంది ఎవరో వాగును చూసి, చూసింది చూసినట్టు చెప్పడంతోనే.

పిల్లల్ని నీళ్లలో దింపమని కాదు, దింపొద్దు. వంతెన మీద నిలబెట్టి చూపించండి. రంగు ఎలా ఉంది, వాసన దేనిలా ఉంది, ఒడ్డున ఏ మొక్క మొలిచింది? మంజీర మీద ఒక కవిత, నక్కవాగు మీద ఒక కవిత. 'రేపు ఈ కంపెనీల్లోనే కదా మాకు ఉద్యోగాలు' అని మీరు జంకొచ్చు. సహజమే. కానీ అవే కంపెనీల్లో పర్యావరణం, భద్రత చూసే ఈహెచ్‌ఎస్ విభాగాలున్నాయి, అక్కడి పనే ఇది. తేదీ, చోటు, కనిపించింది రాస్తే అది ఎవరినీ తిట్టినట్టు కాదు. ఊహను నిజంగా రాస్తేనే గొడవ.

మీరు చేయాల్సింది పెద్దదేం కాదు. నలుగురు స్నేహితులు, దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్, ఒప్పుకునే ఒక తెలుగు టీచర్. హెడ్‌మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, అభయారణ్యానికైతే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి. ఒడ్డున గాలి హోరు మైకును మింగేస్తుంది కాబట్టి గొంతు రికార్డింగ్ బడికొచ్చాక, కిటికీలు మూసిన గదిలో పెట్టుకోండి. పిల్లల ముఖాలు, పూర్తి పేర్లు ఆన్‌లైన్‌లో పెట్టకండి. పిట్టల ఫొటోలు బాగా వస్తే వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించండి, తెలుగు వికీపీడియా వ్యాసాలకు పనికొస్తాయి. రెజ్యూమెలో ఆ 'గుడ్ కమ్యూనికేషన్' లైను తీసేసి అక్కడ ఈ వీడియోల లింకు ఇవ్వొచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుతుంది. కాలేజీలకు విడిగా క్యాంపస్ బర్డ్ కౌంట్ ఉంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనిపించిన పక్షుల్ని ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయడమే. ముందు మీ క్యాంపస్‌లో మీరు చేసి చూడండి, పిల్లల్ని తీసుకెళ్లేసరికి కనీసం బుడుబుంగకూ నీటికాకికీ తేడా తెలుస్తుంది.