మిషన్ ఆదివారానికి నూరేళ్లు: అందుకున్న చేతులు ఇవ్వవలసిన వేళ

ఈ నెల 18న కతోలిక శ్రీసభ ప్రపంచ మిషన్ ఆదివారాన్ని జరుపుకుంటోంది. 1926లో 11వ పయస్ జగద్గురువులు దీనిని నెలకొల్పారు. ఇప్పటికి నూరేళ్లు. ఏటా ఆ రోజున లోకమంతటా విశ్వాసులు ఒకే ఉద్దేశంతో ప్రార్థించి, కానుకలను ప్రేషిత సేవకు అర్పిస్తారు.

కానీ మన విచారణల్లో చాలాచోట్ల ఆ రోజు ఇట్టే వచ్చి వెళ్లిపోతోంది. కానుక పళ్లెం ముందుకు వస్తే చేతికందిన నోటు వేస్తాం. అది ఎవరికి అందుతుందో అడగం. "మన గుడి గోడలే పూర్తికాలేదు, పరాయి దేశాలకు ఎందుకు?" అనేవారూ ఉన్నారు. అది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. దానికి జవాబు చరిత్రలోనే ఉంది.

1822లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో విశ్వాసవ్యాప్తి సంఘం పుట్టింది. దానికి మూలం పౌలీన్ జారికో అనే యువతి. ఆమె పద్ధతి చాలా సులువు. పదిమంది ఒక జట్టు. ప్రతి ఒక్కరూ రోజూ ఒక ప్రార్థన చెప్పాలి, వారానికి ఒక చిన్న నాణెం ఇవ్వాలి. ఇచ్చినవారిలో పట్టు పరిశ్రమలో కూలి చేసుకునే పేదలే ఎక్కువ. మొదట్లో కూడిన సొమ్ము ఆసియాకు, అమెరికాలోని లూసియానా, కెంటకీలకు వెళ్లింది. ఆనాడు చేయి చాచిన అమెరికా శ్రీసభ తరువాతి కాలంలో లోకానికి మిషనరీలను పంపింది. నేటి జగద్గురువులు 14వ లియో కూడా అక్కడ పుట్టి, పెరూ దేశంలో ఏళ్ల తరబడి మిషనరీగా, పీఠాధిపతిగా సేవ చేసినవారే. 2022లో శ్రీసభ పౌలీన్‌ను ధన్యురాలిగా ప్రకటించింది.

మన కథా అటువంటిదే. 1846లో సవోయ్ ప్రాంతపు అన్నెసీ నుంచి బయలుదేరిన ఫ్రాన్సిస్ డి సాలెస్ సభ మిషనరీలు విశాఖపట్నంలో అడుగుపెట్టారు. మన భాష రాదు, మన ఎండలు తెలియవు. వారి ఊళ్లలో అన్ని గుళ్లూ పూర్తయ్యాకే వారు ఓడ ఎక్కలేదు. నేడు తెలుగు గురువులు, మఠకన్యలు ఎన్నో దేశాల్లో సేవ చేస్తున్నారు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు తొలి తెలుగు కార్డినల్ అయ్యారు. ఇంత అందుకున్నాక ఇంకా మనం పుచ్చుకునేవారి వరుసలోనే నిలబడితే ఎలా?

కానుకల సంగతి కూడా తెలుసుకుందాం. జగద్గురువుల ఆధ్వర్యంలోని ప్రేషిత సంఘాలు ఉమ్మడి నిధిని నడుపుతాయి. అన్ని దేశాల సంచాలకులు ఏటా సమావేశమై పంపకాన్ని పరిశీలిస్తారు. తమ కాళ్లపై ఇంకా నిలబడలేని వెయ్యికి పైగా మేత్రాసనాలకు ఆ సాయం అందుతుంది. ఉపదేశుల పోషణ, గురువిద్యార్థుల చదువు, గుడి, బడి, వైద్యశాల ఇలాగే నిలబడతాయి. డబ్బు లేక గురువిద్యార్థులను తిప్పి పంపవలసి వస్తోందని జపానులోని నాగసాకి పీఠాధిపతి రాసిన ఉత్తరమే, 1889లో స్థానిక గురువుల కోసం పునీత పేతురు సంఘం పుట్టడానికి కారణమైంది.

అయితే నోటు వేసి చేతులు దులుపుకోవడం సాయం కాదు. చిన్న తెరేజమ్మ గారు మఠం దాటి ఏ మిషనుకూ వెళ్లలేదు. ఇద్దరు మిషనరీలను తన సోదరులుగా స్వీకరించి, చైనాకు ఒకరు, ఆఫ్రికాకు ఒకరు వెళ్తుంటే ఉత్తరాలతో, ప్రార్థనలతో వారిని మోసింది. 24 ఏళ్లకే కన్నుమూసిన ఆమెను 1927లో శ్రీసభ ఫ్రాన్సిస్ శౌరివారితో సమానంగా మిషనులకు పాలకురాలిగా ప్రకటించింది.

కనుక ఈసారి ప్రతి విచారణ ఒక దేశాన్ని ఎంచుకోవాలని మేము కోరుతున్నాము. అక్కడ సేవ చేస్తున్న మనవారి పేర్లు గుడి తలుపు దగ్గర రాసిపెట్టండి. అక్టోబరు జపమాలలో ఒక పదిని వారికోసం చెప్పండి. వంటకు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు పక్కనపెట్టే అలవాటు మన తల్లులది. అలాగే ఇంటింటా వారానికి పది రూపాయలు ఏడాది పొడవునా తీసిపెట్టండి. విచారణ గురువులు దాని లెక్కను పూజలో చదివి వినిపించాలి. లెక్క తెలిస్తే ఇచ్చే చేయి వెనుకాడదు.

మన గుడి గోడలు తప్పక కట్టుకుందాం. కానీ అవి పూర్తయ్యేదాకా ఆగి ఇద్దామనుకుంటే, మనకోసం ఎవరూ బయలుదేరి ఉండేవారు కాదు.