చూసే హక్కు సరే, ఓటేది?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అందరి సొత్తు అంటారు. నిజమే, కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. కానీ మనం చేసిన మార్పును అసలు కోడ్‌లో చేర్చాలో వద్దో తేల్చేదెవరు? 1991లో పుట్టిన లినక్స్ కెర్నెల్‌లో ఆఖరి మాట నేటికీ లైనస్ టోర్వాల్డ్స్‌దే. పైథాన్‌ను సృష్టించిన గైడో వాన్ రోసమ్ 2018లో తప్పుకున్నాకే, 2019 నుంచి ఐదుగురి మండలిని ఎన్నుకుంటున్నారు. డెబియన్‌లో మాత్రం సభ్యులు ఏటా ఓటేసి నాయకుణ్ణి ఎన్నుకుంటారు.

ఓటు విలువ బొగ్గుగని బిడ్డలకు ఒకరు చెప్పాలా? సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని 1998 నుంచి కార్మికులే రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటున్నారు. పనిచేసేవాడికే ఓటు. మరి సాఫ్ట్‌వేర్‌లో పని అంటే కోడ్ ఒక్కటేనా? ఇంట్లో కంప్యూటర్, చేతిలో తీరిక, నోట్లో ఇంగ్లీషు ఉన్నవాళ్లే కోడ్‌లో ముందుంటారు. హాస్టళ్లలో చదివిన మనం వెనకబడతాం.

అందుకే డెబియన్ 2010లో చేసిన తీర్మానం మాకు నచ్చింది. కోడ్ రాయకున్నా, అనువాదం వంటి పనులు చేసేవారికీ సభ్యత్వం, ఓటు ఇవ్వాలని అందులో నిర్ణయించారు. తెలుగు మన సొంతం. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెస్తోంది. మిత్రులారా, మనమూ ఆ పనిలో చేరుదాం. పని చేద్దాం, ఓటు అడుగుదాం. ఉచితంగా దొరికింది వాడుకోవడంతో సరిపెట్టుకుంటే, మన భాషకు ఏం కావాలో ఎప్పటికీ ఇంకొకరే నిర్ణయిస్తారు.