మిగతా నలుగురి పేర్లు చెప్పండి చూద్దాం

ఒక సెప్టెంబర్ రెండో తారీఖున ప్రొద్దుటూరులో ఉన్నా. సెలవు పెట్టి వెళ్ళింది వేరే పని మీద లెండి. ఇంటి నించి మైదుకూరు రోడ్డు దాకా నడిచేలోపు పదకొండు ఫ్లెక్సీలు లెక్కపెట్టా (మన వృత్తిలో వాళ్ళకి లెక్కపెట్టే రోగం ఉంటుంది కదా). అన్నిట్లోనూ పెద్దాయన నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. ఆయన కింద ఊరి నాయకులు, వాళ్ళ కింద అనుచరులు, మరీ కింద మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లకాయలు. ఒక్కో ఫ్లెక్సీలో తక్కువలో తక్కువ పాతిక మొహాలు.

2009 సెప్టెంబర్ 2న నల్లమలలో కూలిన హెలికాప్టర్లో పోయింది అయిదుగురు. ఈ పాతిక మొహాల్లో ఆ మిగతా నలుగురిదీ ఒక్కటంటే ఒక్కటి లేదు!

ఇంటికొచ్చి మా మామని అడిగా. వైయస్ అంటే ప్రాణం ఆయనకి. "మామా, ఆ పొద్దు ఆయప్పతో పాటు పోయినోళ్ళు ఎవరెవరు?" అంటే, "ఎవురో పైలెట్లు గదబ్బీ, ఇంగ సెక్రెట్రీ ఒకాయన" అన్నాడు. పేర్లేంటి అన్నా. "యాడ గుర్తుంటాయి అబ్బీ, ఇన్నేండ్లాయ!"

అదే పెద్దాయన గురించి అడగండి. పుట్టింది జమ్మలమడుగులో అని, పులివెందుల నించి మొదటిసారి గెలిచింది 1978లో అని, ఏ ఎలక్షన్లో ఏం జరిగిందో అన్నీ అప్పజెప్తాడు. ఇన్నేళ్ళలో మరుపు ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో చూశారా?

మామని అనడానికి నేనెవర్ని? నాకూ నాలుగు పేర్లూ నోటికి రాలేదు. వెతుక్కున్నా. ఇవిగో: ముఖ్యమంత్రి కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం. ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ. పైలట్లు గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి.

ఇక్కడిదాకా చదివి "వీడు ఏ పార్టీవోడు" అని ఆలోచిస్తున్న మహానుభావులకి ఒక మాట. నేను ఆయన భక్తుణ్ణి కాదు, ద్వేషినీ కాదు. ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజినీరింగ్ చదివి ఇవాళ నా పక్క సీట్లో కూర్చున్నవాళ్ళని చూశా. ఆయన మీద వచ్చిన ఆరోపణలూ చదివా. ఈ గొడవ ఆ రెండిటి గురించీ కాదు.

"పెద్దాయన పోతే పెద్దాయన్నే తలుచుకుంటారు, అందులో తప్పేముంది?" అంటారు. తప్పేం లేదు. జనం ఏడ్చింది ఆయన కోసం, ఆ ఏడుపు నిజం. నేను ఆ రోజు మాదాపూర్ ఆఫీసులో న్యూస్ పేజీని నిమిషానికోసారి రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నా. ఊర్నించి అమ్మ ఫోన్ చేసి "అంగళ్ళన్నీ మూసేసినారు నాయనా, ఎవురూ అన్నం తినల్యా" అంది. అది ఎవరూ డబ్బులిచ్చి చేయించింది కాదు.

నా బాధల్లా తరవాత జరిగిన దాని గురించి. ఆ ఏడుపుని మనం ఏం చేశాం? విగ్రహాలు చేశాం. కూడళ్ళలో నిలబెట్టాం. మన జిల్లాలో విగ్రహం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు, ఈ వీధి మాది అని పాతిన సరిహద్దు రాయి. ఆ తరవాత పేర్లు. 2010లో జిల్లాకి ఆయన పేరు పెట్టారు. 2022లో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ పేరు తీసి వైయస్సార్ అన్నారు, 2024లో ప్రభుత్వం మారగానే అది తీసి మళ్ళీ ఎన్టీఆర్ అన్నారు. పోయినవాళ్ళిద్దరూ పైనించి చూస్తుంటే ఎంత సిగ్గుపడి ఉంటారో! దీన్ని జ్ఞాపకం అనరండీ, ఆస్తి తగాదా అంటారు. అందులో ఆ నలుగురికీ వాటా లేదు, ఎందుకంటే వాళ్ళ పేరుతో ఒక్క ఓటు కూడా రాలదు.

పోనీ, ఆయన్నయినా సరిగ్గా గుర్తుపెట్టుకున్నామా? ఎలా పోయాడో మీలో ఎంతమందికి తెలుసు? ఏ టీ కొట్టు దగ్గరైనా అడిగి చూడండి, "కుట్ర" అంటారు. 2010 జనవరిలో ఒక టీవీ ఛానల్ ఏదో విదేశీ వెబ్‌సైట్లో వచ్చిన ఆధారం లేని కథని పట్టుకొచ్చి చూపిస్తే, రాష్ట్రమంతా ఒక కంపెనీ దుకాణాల మీద పడి పగలగొట్టారు. ఆ కథ చూసినవాళ్ళలో వందకి ఒక్కడు కూడా విచారణ నివేదిక చూసి ఉండడు.

ఆ నివేదిక ఉంది. కెప్టెన్ ఆర్.కె. త్యాగి నాయకత్వంలో కేంద్రం వేసిన కమిటీది. విద్రోహం జరిగిన ఆధారాల్లేవని చెప్పింది. మరేం జరిగింది? పొద్దున ఎనిమిదిన్నర దాటాక బేగంపేటలో లేచిన బెల్ 430, చిత్తూరు జిల్లాలో రచ్చబండకి వెళ్ళాలి. దారిలో నల్లమల మీద ఉరుముల మబ్బు. సరిగ్గా అప్పుడే గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెజర్ హెచ్చరిక. పైలట్లిద్దరూ ఆరు నిమిషాలకి పైగా ఆ హెచ్చరిక సంగతి తేల్చడంలో మునిగిపోయారు. బయట వాతావరణం ముంచుకొస్తోంది. మబ్బులోకి వెళ్ళాక బలమైన గాలి కిందికి తోసేసింది, హెలికాప్టర్ అదుపు తప్పింది.

ఇది చదివినప్పుడు నాకు వెన్ను జలదరించింది. ఎందుకంటే ఇది మనకి తెలిసిన కథే. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతుంది. స్క్రీన్ మీద ఒక ఎర్ర అలర్టు. అందరం దాని చుట్టూ మూగుతాం. అసలు మంట ఇంకో సర్వర్లో అంటుకుని ఉంటుంది. మర్నాడు కూర్చుని రూట్ కాజ్ రాస్తాం. "వాడు వెధవ" అని రాసి చేతులు దులుపుకోం కదా, మళ్ళీ జరక్కుండా ఏం మార్చాలో రాస్తాం. మనకి పోయేది మహా అయితే నాలుగు గంటల సర్వీసు, అయినా రాస్తాం. అయిదు ప్రాణాలు పోతే దాని రూట్ కాజ్ చదవకుండా ఫ్లెక్సీ కట్టాం.

పైలట్లని తిట్టడానికి ఇది చెప్పలేదు. ఒక ముఖ్యమంత్రి వెనక సీట్లో ఉండగా, కింద జనం ఎదురు చూస్తుండగా, "ఇవాళ వద్దండీ, వెనక్కి పోదాం" అనగలిగే ధైర్యం ఒక మనిషి దగ్గర నించి ఆశించకూడదు. అది రూలు చెయ్యాలి. వాతావరణం బాగోకపోతే ఎంత పెద్ద మనిషికైనా ఎగిరేది లేదు, అంతే. 2002 మార్చిలో కైకలూరు దగ్గర స్పీకర్ బాలయోగి పోయినప్పుడే మనం ఇది నేర్చుకుని ఉండాల్సింది. (ఆయనతో పోయిన పైలట్ మీనన్, అంగరక్షకుడు సత్యరాజు. ఈ పేర్లు కూడా వెతుక్కున్నవే.) 2011లో అరుణాచల్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూ. 2021 డిసెంబర్లో కూనూరు దగ్గర పద్నాలుగు మంది, అందులో మన చిత్తూరు జిల్లా కుర్రాడు లాన్స్‌నాయక్ సాయితేజ. 2024లో ఇరాన్ అధ్యక్షుడు రైసీ. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉండొచ్చు. కానీ కొండలూ మబ్బులూ పెద్దమనుషులూ ఎన్నిసార్లు కలిసొచ్చాయో చూడండి.

ఇంకొకళ్ళ గురించి కూడా చెప్పాలి. ఆ పగలూ రాత్రీ వానలో నల్లమల గాలించినవాళ్ళు.. పోలీసులు, సీఆర్పీఎఫ్ జవాన్లు, అడవి ఉద్యోగులు, దారి తెలిసిన చెంచులు. మర్నాడు పొద్దున పావురాలగుట్ట మీద శకలాల్ని కనిపెట్టింది వైమానిక దళం హెలికాప్టర్. తాళ్ళ మీద దిగి శరీరాల్ని బయటికి తెచ్చిన కమెండోలకీ మన ఫ్లెక్సీల్లో చోటు లేదు.

కాబట్టి నేను అడిగేది రెండే. విగ్రహాలు ఎలాగూ ఉన్నాయి, తియ్యమనడం లేదు. పులివెందులలో, జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో ఆ దిమ్మెల మీద మిగతా నాలుగు పేర్లు కూడా చెక్కించండి. దిమ్మెకి వందల్లో అవుతుందేమో, ఒక గజమాల ఖర్చు కూడా కాదు. రెండోది, వచ్చే సెప్టెంబర్ 2న పాలాభిషేకాలకి వెళ్ళే మీ తమ్ముళ్ళకి ఆ నివేదికలో ఏముందో పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పండి. మనలో చాలామందికి ఊళ్ళో ఆపాటి మాట చెల్లుతుంది.

మామకి నాలుగు పేర్లూ కాయితం మీద రాసిచ్చా. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఈ రెడ్డి మనోడా అబ్బీ?" అన్నాడు.

మనోడే మామా. నలుగురూ మనోళ్ళే.