భుజాలు తడుముకున్న వాడల్లా దొంగేనా?

— బి.యస్.సి. విద్యార్థి, చౌడేపల్లె

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట" అనే సామెత వినని తెలుగువాడు ఉండడు. కాయ మీది బూడిద భుజానికి అంటుకుందేమోనని దొంగ తనకు తెలియకుండానే చెయ్యి వేసుకుంటాడు, దొరికిపోతాడు. మన పెద్దలు ఒక్క మాటలో చెప్పిన ఈ ఉపాయాన్నే ఇప్పుడు పెద్ద దేశాలలో తరగతులు పెట్టి, డబ్బు తీసుకుని నేర్పుతున్నారు. ఎదుటివాడి ముఖంలో రెప్పపాటున మెరిసి మాయమయ్యే భావాన్ని పట్టుకుంటే అబద్ధాన్ని పట్టుకున్నట్టేనట! ఆ విద్య నిజంగా పనికి వస్తుందా? రాదని నా అభిప్రాయం. పనికి రాకపోవడమే కాదు, హాని కూడా చేస్తుంది. ఈ మాట పుస్తకాలు చదివి మాత్రమే చెప్పడం లేదు. ఒకరికి అన్యాయం చేసి చెబుతున్నాను.

మాది చౌడేపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. మూడెకరాల టమోటా, ఒక బోరు. రెండేండ్ల కిందట ఎండాకాలంలో ఒకరోజు తెల్లవారుజామున నాయన మోటారు వెయ్యబోతే కేబులు లేదు. లోపలి రాగి తీగ కోసం ఎవరో కోసుకుపోయినారు. పంట పూత మీద ఉంది. నీళ్ళు ఆగితే మాడిపోతుంది. ఇంట్లో అందరికీ మతి పోయింది.

మా చేనికి నీళ్ళు కట్టే కుర్రవాడు ఒకడుండేవాడు. నా ఈడువాడే. నాయన వాణ్ణి పిలిచి, "ఏమిరా, రేత్రి చేనికాడ ఉన్నింది నువ్వే గదా, కేబులు ఏమైంది?" అని అడిగినాడు. వాడు తల వంచుకున్నాడు. గుటక మింగినాడు. "నాకు తెలీదు సామీ, గంగమ్మ తోడు, తెలీదు" అని నసుగుతూ కాలి బొటనవేలితో మట్టి గీకినాడు.

అప్పటికి నేను సెల్‌ఫోనులో ముఖం చదివే విద్య మీద పది పన్నెండు వీడియోలు చూసి ఉన్నాను. పెదవి మూల వంకర పోతే ఏమి అర్థం, చూపు తప్పిస్తే ఏమి అర్థం, అన్నీ కంఠతా వచ్చు. కాలేజీలో చేరబోయే మొనగాణ్ణి కదా! "నాయనా, వాడి మొహం చూడు. వాడే!" అన్నాను.

పోలీసు కేసు పెట్టలేదు. ఆ అవసరం లేకుండా ఊరే తీర్పు చెప్పేసింది. వాణ్ణి ఎవరూ పనికి పిలవలేదు. నెల తిరక్కుండానే కట్టడం పనికి బెంగుళూరు పోయినాడు. వాడు పోయిన వారానికి వేరే ఊరివాళ్ళు ఇద్దరు ఇంకొక బోరు దగ్గర కేబులు కోస్తూ దొరికినారు. వాళ్ళు దాచిన గోతాల్లో మా కేబులు కూడా ఉంది. దానికి నాయన వేసిన అతుకు, దాని మీద చుట్టిన ఎర్ర టేపు చెక్కు చెదరలేదు. ఆ అతుకు చెప్పిన నిజం నేను చదివిన ముఖం చెప్పలేదు.

మరి వాడు ఎందుకు వణికినాడు? వాళ్ళ నాయన మా దగ్గర 8 వేలు చేబదులు తీసుకుని ఉన్నాడు. పని పోతే ఆ బాకీ ఎట్లా తీరుతుందని వాడి భయం. తల ఎందుకు వంచినాడంటే, మా నాయన ముందర వాడు ఏనాడూ తలెత్తి మాట్లాడి ఎరగడు. రోజూ వంచే తలను ఆ ఒక్కరోజు ఎత్తి ఉండాలని నేనెందుకు అనుకున్నాను? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

కాలేజీకి వచ్చిన తర్వాత ఆ వీడియోల వెనక ఉన్న శాస్త్రం ఏమిటో వెతికి చదివినాను. 1960లలో అమెరికాలో మానసిక చికిత్స ఫిల్ములను నెమ్మదిగా తిప్పి చూస్తుంటే, మామూలు కంటికి అందని క్షణిక భావాలు కొన్ని ముఖాల మీద కనిపించినాయి. పాల్ ఎక్మన్, వాలస్ ఫ్రీసన్ అనే శాస్త్రజ్ఞులు 1978లో ముఖంలోని కండరాల కదలికలకు అంకెలు ఇచ్చి ఒక పద్ధతి తయారుచేసినారు. అది గొప్ప పనే, కాదనడం లేదు. భావాలను గుర్తుపట్టడం అభ్యాసంతో మెరుగవుతుందని కూడా ఒప్పుకుందాం. అయితే భయాన్ని గుర్తుపట్టడం వేరు, అబద్ధాన్ని గుర్తుపట్టడం వేరు. భయం ఉందని ముఖం చెప్పవచ్చు. ఎందుకుందో చెప్పదు. ఈ ప్రమాదాన్ని ఎక్మనే 1985లో తన పుస్తకంలో హెచ్చరించినాడు. షేక్స్పియరు నాటకంలో ఒథెల్లో తన భార్య భయాన్నీ ఏడుపునూ చూసి, తప్పు చేసినందువల్లనే అనుకుని ఆమెను చంపుతాడు. అందుకే దీనికి ఒథెల్లో పొరపాటు అని పేరు పెట్టినాడు. నేను చూసిన వీడియోలలో ఈ హెచ్చరిక ఒక్కదానిలోనూ లేదు!

ఇక లెక్కలు చూద్దాం. 2006లో బాండ్, డిపౌలో అనే ఇద్దరు, అబద్ధాలు పట్టడం మీద అంతవరకు జరిగిన పరిశోధనలను కూడగట్టి చూసినారు. 24 వేలకు పైగా మనుషులు చెప్పిన తీర్పులవి. సగటున నూటికి 54 సరిపోయినాయి. రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మా బొరుసా చూసినా 50 వస్తాయి కదా! 2008లో కెనడాలో పోర్టర్, టెన్ బ్రింకె 697 ముఖ భావాలను పరీక్షిస్తే క్షణిక భావాలు 14 మాత్రమే దొరికినాయి. అవి కూడా నటించేటప్పుడే కాక, నిజమైన భావం చూపేటప్పుడు కూడా కనిపించినాయి. 2019లో ఇంకొక పరీక్ష అచ్చయింది. అందులో ఒక జట్టుకు క్షణిక భావాలు గుర్తించే అసలు శిక్షణ ఇచ్చినారు. రెండో జట్టుకు ఉత్తుత్తి శిక్షణ, మూడో జట్టుకు ఏమీ లేదు. అబద్ధాలు పట్టడంలో అసలు శిక్షణ పొందినవాళ్ళు మిగతా రెండు జట్లను మించలేకపోయినారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది 1999 నాటి పరిశోధన. మనలాంటి విద్యార్థులకే, అనుమానితుడి వాలకం చూసి అబద్ధం పట్టే పోలీసు పద్ధతి నేర్పినారు. నేర్చుకున్నవాళ్ళు నేర్చుకోనివాళ్ళకంటే ఎక్కువ తప్పులు చేసినారు. పైగా తామే కరెక్టు అన్న నమ్మకం వాళ్ళకే ఎక్కువగా ఉండింది. ఆ శిక్షణ వాళ్ళకు చూపు ఇవ్వలేదు, ధీమా ఇచ్చింది. నాకూ అంతే జరిగింది.

"మా అమ్మ నా మొహం చూసే అబద్ధం పట్టేస్తుందే!" అని మిత్రులు అడగవచ్చు. మా అమ్మ కూడా పడుతుంది. కానీ ఆమె బెల్లం డబ్బా ముందే మూత తీసి చూసి ఉంటుంది!

అయితే అబద్ధం పట్టడం మనిషికి చేతకాదా అంటే, చేతనవుతుంది. పశువుల సంతలో మా తాతను చూసి ఈ సంగతి నేర్చుకోవలసింది. దళారీ "నాలుగు పళ్ళ కోడె" అంటే, తాత వాడి ముఖం వంక చూసేవాడు కాదు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టేవాడు. తర్వాత నాలుగడుగులు నడిపించి చూసేవాడు. దళారీలు ధర తువ్వాలు కింద వేళ్ళతో చెప్పుకునేవాళ్ళు. బేరం చేసేవాడికి ముఖాన్ని అదుపులో పెట్టుకోవడం పుట్టుకతో వచ్చిన విద్య. ఎద్దు పన్నుకు ఆ విద్య రాదు.

మన మర్యాద రామన్న కథలు గుర్తుచేసుకోండి. నేతి అప్పు తగాదాలో ఆయన ఆ ఇద్దరు ఆడవాళ్ళ కళ్ళలోకి చూడలేదు. బురద కాళ్ళు కడుక్కోమని చెరొక చెంబు నీళ్ళిచ్చి, ఎవరు ఎట్లా వాడినారో చూసినాడు. అదీ పూర్తి సాక్ష్యం కాదనుకోండి. కానీ చూడవలసింది ముఖం కాదని ఆయనకు తెలుసు.

ఈ దారిలో శిక్షణ ఇస్తే ఫలితం ఉంటుందని శాస్త్రం కూడా చెబుతోంది. 2006లో స్వీడన్‌లో పోలీసు శిక్షణార్థులకు, చేతిలో ఉన్న ఆధారాన్ని వెంటనే బయటపెట్టకుండా, ముందు అనుమానితుణ్ణి వివరంగా మాట్లాడనిచ్చి, తర్వాత ఆ మాటను ఆధారంతో సరిచూడడం నేర్పినారు. నేర్చుకున్నవాళ్ళు నూటికి 85 సరిగా చెప్పినారు. నేర్చుకోనివాళ్ళు 56. తేడా చూడండి!

ఇంత తెలిసినా ప్రభుత్వాలు మోసపోతూనే ఉన్నాయి. అమెరికా విమానాశ్రయాలలో ప్రయాణికుల వాలకం చూసి అనుమానించే పథకానికి 2007 నుంచి దాదాపు 90 కోట్ల డాలర్లు ఖర్చయిందని, అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదని 2013లో వాళ్ళ ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. మన సుప్రీంకోర్టు 2010 మే 5న, మనిషి ఇష్టం లేకుండా లై డిటెక్టర్ పరీక్ష, నార్కో పరీక్ష చేయరాదని తీర్పు ఇచ్చింది. యంత్రానికే అంత హద్దు గీసినప్పుడు, మన కళ్ళకు హద్దు అక్కరలేదా?

మిత్రులారా! హాస్టల్లో ఫోను పోతే మొదట ఏమి చేస్తాం? అందరి మొహాలూ చూస్తాం. ఎవడు తడబడితే వాడే దొంగ. తడబడేది ఎవరు? ఫీజు బాకీ ఉన్నవాడు, ఇంగ్లీషు రానివాడు, కొత్తగా పల్లె నుంచి వచ్చినవాడు. అసలు దొంగ నిబ్బరంగా మనతో కలిసి వెతుకుతుంటాడు. మన విద్యార్థి సంఘం వారికి నా మనవి ఒక్కటే. ఏ ఫిర్యాదు వచ్చినా, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూసినారు అని అడిగి, ఆ జవాబులను సరిచూసిన తర్వాతే ఒకరి పేరు ఎత్తండి.

మొన్న సంక్రాంతికి ఆ కుర్రవాడు ఊరికి వచ్చినాడు. పోయి తప్పయిందని చెప్పినాను. "ఆ బాకీ తీర్చేసినాను, నాయనకు చెప్పు" అన్నాడు. వాడి మనసులో ఏముందో ముఖం చూసి ఊహించబోలేదు. "నా మీద కోపం ఉందా?" అని నోరు తెరిచి అడిగినాను. "ఉంది" అన్నాడు. నిజం చెప్పినాడు. ఆ రోజు కూడా నిజమే చెప్పినాడు. అప్పుడే వాడి మాట విని, సరిచూసి ఉంటే సరిపోయేది. మీరైనా ముందు అడగండి, తర్వాత సరిచూడండి, ఆ పైన నిర్ణయించండి.