రేకు కాదు మహాశయా, పలక!

పెడల్ స్టీల్ గిటారును సొంతంగా తయారుచేసుకోదలచినవారికి ఉచితంగా లభించే సలహాలలో మిక్కిలి హానికరమైనది ఒకటున్నది. "చట్రమూ, లోపలి మీటలూ ముందు పూర్తిచెయ్యి, రెండు కొసలకూ తగిలించే ఆ లోహపు రేకులు అందానికే కదా, ఆఖరున చూసుకోవచ్చు" అన్నదే ఆ సలహా. ఆదిలోనే హంసపాదు పెట్టే మాట ఇది. దీనిని ఖండించడానికే ఈ టపా.

ఈ వాద్యంతో పరిచయం లేని మిత్రుల కోసం ముందుగా నాలుగు ముక్కలు. మన గోటువాద్యంలో వలెనే తీగల మీద బరువైన కడ్డీని జరుపుతూ వాయించే గిటారు ఇది. కాకపోతే నాలుగు కాళ్ళ మీద బల్లలాగా నిలబడి ఉంటుంది. పాదాల కింద పెడళ్ళు, మోకాళ్ళ పక్కన మీటలు. వాటిని నొక్కినప్పుడు కొన్ని తీగలు బిగుస్తాయి, కొన్ని సడలుతాయి. అమెరికా కంట్రీ సంగీతంలో వినిపించే ఆ జాలి గొలిపే జారుడు స్వరం దీనిదే. 1954లో జనం నోళ్ళలో నానిన వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ దీనిని వాయించిన తరువాత, ఇది లేని కంట్రీ పాటను ఊహించడమే కష్టమైపోయింది.

ఇక అసలు విషయం. ఈ గిటారుకు కాళ్ళు దిగేది కొయ్యలోకి కాదు, ఆ కొస పలకలలోకి. పెడల్ పట్టీ ముందు రెండు కాళ్ళ మధ్య బిగించి ఉంటుంది. పెడల్‌ను తొక్కగానే దానికి తగిలించిన కడ్డీ చట్రాన్ని నడుమ పట్టుకొని కిందికి లాగుతుంది. అప్పుడు చట్రం రెండు కొసల మీద ఆనిన దూలం వలె ఒకింత వంగుతుంది. దూలం నడుమ కుంగితే పైభాగం కుదించుకొంటుంది. తీగలున్నది ఆ పైభాగాన. కనుక పెడల్‌తో సంబంధమే లేని తీగలు కూడా సడలి శ్రుతి దిగజారుతాయి. దీనినే 'క్యాబినెట్ డ్రాప్' అంటారు. కొసలు గట్టిగా పట్టుబడి ఉన్న దూలం తక్కువ కుంగుతుంది, కొసల దగ్గర అతుకు వదులైన దూలం ఎక్కువ కుంగుతుంది. ఇది ఇల్లు కట్టే మేస్త్రీని అడిగినా చెబుతాడు. ఆ కొసలను పట్టుకొనే వస్తువును 'అలంకారం' అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

నా అనుమానం, ఈ గొడవకు మూలం సగం పేరులోనే ఉన్నది. రేకు అనగానే మనసుకు తట్టేది డబ్బా రేకు, కప్పు మీది రేకు. పేరు పలుచన కాబట్టి వస్తువునూ పలుచన చేస్తారు. 'పలక' అందాం. 9.5 మిల్లీమీటర్ల మందం గల 6061-టి6 అల్యూమినియం పలక.

రెండవ వర్గం ఒకటున్నది. వీరు పలకను గౌరవిస్తారు గానీ మరీ పూజిస్తారు: మూసలో పోత పోసినదైతేనే అసలైనదట, తక్కినవి చేతకానివారి పనులట. పోత సంప్రదాయం ఎక్కడినుంచి వచ్చింది? 1948లో స్పీడీ వెస్ట్‌కు పెడల్ గిటారు చేసి ఇచ్చిన పాల్ బిగ్స్‌బీ వృత్తిరీత్యా పోతలకు నమూనాలు చేసే పనివాడు. మోటారు సైకిళ్ళ కర్మాగారంలో పనిచేసినవాడు. తన చేతికి వచ్చిన విద్యను గిటారుకు వాడుకొన్నాడు. అది ఆయన వివేకం. పెరటిలో ఇసుక మూస పెట్టి, బుడగలతో నిండిన పోతలో మర కోయబోయి అది పొడిపొడిగా రాలుతుంటే చూస్తూ కూర్చోవడం మాత్రం వివేకం కాదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పోత పలకకు మూలల్లో లావైన దిమ్మెలు సహజంగా వస్తాయి, చదును పలకకు రావు. కాలి మర 5/16 అంగుళం, అంటే దాదాపు 8 మిల్లీమీటర్లు అనుకొందాం. 9.5 మిల్లీమీటర్ల పలక అంచులోకి ఆ బెజ్జం దించితే ఇరువైపులా మిగిలే గోడ ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. తొలిసారి గిటారును పక్కకు జరిపినప్పుడే చీలిపోతుంది. దీనికి మందు పోత కాదు, 25 మిల్లీమీటర్ల చదరపు అల్యూమినియం కడ్డీ ముక్కలు నాలుగు. చట్రం లోపలి నాలుగు మూలల్లో ఒక్కొక్కటి నిలబెట్టాలి. కింది సగంలో కాలి మర, పై సగంలో బోల్టులు. పలక వైపునుంచి వచ్చే బోల్టూ, ఏప్రన్ అనే నిలువు కొయ్యపట్టె వైపునుంచి వచ్చే బోల్టూ లోపల ఒకదానినొకటి ఢీకొనకుండా వాటిని ఎత్తు తేడాతో పెట్టాలి.

ఈ దిమ్మె చేసే మేలు అంతటితో ఆగదు. నాలుగు చెక్క స్క్రూలతో పలకను చట్రం కొసకు బిగించమనేవారు ఆ స్క్రూలు కొయ్యలో ఏ దిశగా దిగుతున్నాయో ఎన్నడూ చూడరు. అవి నార వెంబడి, నార కొసలలోకి దిగుతాయి. మేపుల్ ఎంత గట్టి కర్ర అయినా ఆ దిశలో పట్టు బాగా తక్కువ. దిమ్మెకు వేసే బోల్టు ఏప్రన్‌ను అడ్డంగా, నారకు ఎదురుగా దాటి లోహంలో మరపడుతుంది. ఊడదు, కావాలంటే విప్పుకోవచ్చు.

ఎపాక్సీతో అతికించేస్తే చాలునన్న వాదానికి ఒక్క వాక్యంలో బదులు: కొయ్య కదులుతుంది. ఇరవై సెంటీమీటర్ల వెడల్పు గల మేపుల్ బల్ల, హీటర్లతో ఎండిన చలికాలానికీ చెమ్మగిల్లిన వేసవికీ నడుమ ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా చూపుతుంది. అల్యూమినియానికి చెమ్మతో పనిలేదు. అందుకే పలకలో ముందువైపు బెజ్జాలు గుండ్రంగా, వెనకవైపువి రెండు మిల్లీమీటర్లు అడ్డంగా సాగదీసి, వాషరు వేసి బిగించాలి. పెడళ్ళ భారం ముందువైపే కనుక అక్కడ కదలిక ఉండరాదు.

కోతపని గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. రెండు పలకలనూ వీపుకు వీపు ఆనించి ఒకేసారి ఆకురాయి పట్టండి, ఒకేసారి కాలి స్థానాలు గుర్తించండి. ఎడమా కుడీ సరిపోతాయి. అల్యూమినియం ఆకురాయి పళ్ళలో ఇరుక్కొంటుంది, ముందుగా సుద్ద రుద్దాలి. కోసేటప్పుడు కిరసనాయిలు చుక్కలు వెయ్యాలి.

మెరుగు సంగతా? అద్దంలా మెరిసే పలక వెనుక నాలుగు చెక్క స్క్రూలు వేలాడుతుండటం నేను చూశాను, విన్నాను కూడా. ఆ మెరుపు వల్ల, ఆ బరువు వల్ల నాదం వస్తున్నదని వాదించేవారిని నేనడిగేది ఒక్కటే. శ్రుతి చూపే యంత్రం ముందు పెట్టి, పెడల్ అందుకోని ఒక తీగను మీటుతూ పెడల్ తొక్కండి. స్వరస్థానానికి నూరు సెంట్లు. రెండు మూడు సెంట్ల దిగుడు చెవి ఓర్చుకొంటుంది, ఎనిమిదీ పదీ అయితే ఓర్చుకోదు. చట్రమే బలహీనమైతే పలక ఒక్కటే దానిని ఆదుకోలేదని నాకూ తెలుసు. అందుకే తొక్కుతున్నప్పుడే పలకకూ కొయ్యకూ మధ్యనున్న గీత మీద వేలిగోరు పెట్టి చూడండి. గోటికి ఆ సందు తెరుచుకోవడం తెలిస్తే, మెరుగు గుడ్డ పక్కన పడేసి ముందు స్క్రూలు విప్పండి.