విజిలు ఎవరి చేతిలో ఉండాలి?

కిందటేడు మా అబ్బాయి చదివే బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళాను. వాడు ఎనిమిదో తరగతి, కబడ్డీ జట్టులో ఉన్నాడు. పక్క జిల్లాలో అండర్-14 పోటీలు, రెండు రాత్రులు అక్కడే ఉండాలి. ఆ ఏడే కొత్తగా వచ్చిన పి.ఇ.టి. ఒక స్త్రీ. యూనివర్సిటీ జట్టుకి కబడ్డీ ఆడింది, బి.పి.ఎడ్. చేసింది. మూడు నెలలుగా పొద్దున్నే ఆరింటికల్లా గ్రౌండుకొచ్చి పిల్లల చేత ప్రాక్టీసు చేయిస్తోంది.

ముందు వరసలో కూర్చున్న ఒక తండ్రి లేచి, "ఏమనుకోకండి మేడం, మీరంటే మాకు గౌరవమే. కానీ మగపిల్లల జట్టు, ఊరు కాని ఊరు. ఎవరైనా సారుని పంపితే బాగుంటుంది" అన్నాడు. ఇంకొకాయన, "కబడ్డీ అంటే పట్టుకోవాలి, పడెయ్యాలి. అది ఆడవాళ్ళు నేర్పేదేనా?" అన్నాడు. వెనక నుంచి ఒక తల్లి, "మావాడు ఇంట్లో నా మాటే వినడు, ఈవిడ మాట వింటాడా?" అంది. అందరూ నవ్వారు.

నేను సోషియాలజీలో డాక్టరేటు చేసినదాన్ని. ఇరవయ్యేళ్ళుగా జెండర్ గురించి చదువుతూ, రాస్తూ, శిక్షణ శిబిరాల్లో మాట్లాడుతూ ఉన్నదాన్ని. ఆ రోజు నేను నోరు విప్పి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ వెంట ఇంకెవరైనా వెళుతున్నారా?" ఆ 'ఇంకెవరైనా' అంటే ఏమిటో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఆవిడ నా వైపు చూసి నెమ్మదిగానే చెప్పింది. "కిందటేడు ఆడపిల్లల ఖోఖో జట్టుని సారు తీసుకెళ్ళారట మేడం. తోడుగా ఆయమ్మని పంపారట. ఆయమ్మకి ఖోఖో రాదు. నాకు కబడ్డీ వచ్చు."

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆడపిల్లల జట్టుకి మగ కోచ్ ఉంటే వెంట ఒక స్త్రీని పంపుతాం. ఆమె పని కాపలా. ఆట విషయంలో ఆమె నోరెత్తదు, ఎత్తమని ఎవరూ అడగరు. మగపిల్లల జట్టుకి స్త్రీ కోచ్ అయితే వెంట ఒక పురుషుణ్ణి పంపుతాం. ఆయన పని మాత్రం కాపలా కాదు, పెత్తనం. ఆయనకి ఆట తెలియకపోయినా ఫరవాలేదు, మగవాడైతే చాలు. రెండు సందర్భాల్లోనూ 'తోడు' అనే మాటే వాడతాం కాబట్టి ఈ తేడా మన కంటికి ఆనదు.

మా బడిలో జరిగిందీ అదే. హెడ్మాస్టరు గారు లెక్కల సారుని వెంట పంపారు. పిల్లలు రెండో రౌండులో ఓడి తిరిగొచ్చారు. తరవాతెప్పుడో వేరే పని మీద ఆఫీసుకి వెళ్ళినప్పుడు పోటీల ఎంట్రీ ఫారం నా కంటపడింది. కోచ్ అన్న చోట లెక్కల సారు పేరుంది. ఎస్కార్ట్ అన్న చోట ఆవిడ పేరుంది. మూడు నెలలు పొద్దున్నే లేచి నేర్పిన మనిషి కాగితం మీద తోడుకొచ్చిన మనిషైపోయింది. ఆ కాగితం వెనక నా ప్రశ్న కూడా ఉంది.

అసలు ఈ అభ్యంతరాలేమిటో విడివిడిగా చూద్దాం.

మొదటిది, ఆడవాళ్ళకి ఆట ఏం తెలుసన్నది. ఆడగలగడం, నేర్పగలగడం ఒకటి కావని మగ కోచ్‌ల విషయంలో అందరం ఒప్పుకుంటాం. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికే అనుభవం లెక్కలు తీస్తాం. ఆ అనుభవానికి దారులెప్పుడు తెరిచారు? ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990లో బీజింగ్‌లో వచ్చింది. మహిళల కబడ్డీ 2010లో గ్వాంగ్జౌలో గానీ రాలేదు. మధ్యలో ఇరవయ్యేళ్ళు. ఆ ఇరవయ్యేళ్ళలో ఆడిన ఆడపిల్లలు ఎంత బాగా ఆడినా ఆసియా క్రీడల పతకమనేది వాళ్ళకి అందుబాటులోనే లేదు. ఇప్పుడు మధ్యవయసుకొచ్చిన ఆ స్త్రీలనే 'మీకు అంతర్జాతీయ అనుభవం ఉందా' అని అడుగుతున్నాం.

దారి దొరికిన చోట ఏం జరిగిందో చూడండి. క్రికెట్ కోచ్ సునీతా శర్మకి 2005లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. భారత జట్టుకి వికెట్ కీపరుగా టెస్టులు ఆడిన దీప్ దాస్‌గుప్తా ఆమె శిష్యుడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రైఫిల్ షూటింగులో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలేకి కోచ్ దీపాలీ దేశ్‌పాండే. టెన్నిస్‌లో ఆండీ ముర్రే 2014లో అమేలీ మౌరెస్మోని కోచ్‌గా పెట్టుకున్నాడు. ఆమె స్వయంగా గ్రాండ్‌స్లాములు గెలిచిన మనిషి. అయినా అతను ఓడినప్పుడల్లా తప్పు ఆమె మీదికే నెట్టారనీ, అంతకు ముందు కోచ్‌ల విషయంలో అలా జరగలేదనీ ముర్రేనే బాహాటంగా చెప్పాడు.

రెండోది, ముట్టుకోవడం. కబడ్డీలో చీలమండ పట్టు, తొడ పట్టు నేర్పాలి. ఎలా నేర్పుతారని ఆ తరవాత ఆవిడనే అడిగాను. ఇద్దరు పిల్లల చేత పట్టించి, పక్కన నిలబడి నోటితో సరిదిద్దుతానంది. మరీ అవసరమైతే అడిగి, అందరి ముందూ చెయ్యి పెట్టి చూపిస్తుంది. మంచి పద్ధతే. అయితే ఇదే ప్రశ్న ఆడపిల్లలకి నేర్పే సారుల్ని ఎప్పుడైనా అడిగామా? దేశానికి పతకాలు తెచ్చిన మహిళా రెజ్లర్లు 2023లో లైంగిక వేధింపుల గురించి చెప్పుకోవడానికి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. అంత జరిగాక కూడా 'ఆడపిల్లలకి మగ కోచ్ ఎందుకు' అన్న మాట నేను ఏ తల్లిదండ్రుల సమావేశంలోనూ వినలేదు. ఆడపిల్లలకి మగవాళ్ళు నేర్పకూడదని నేననడం లేదు. ఆమదాలవలసలో కరణం మల్లీశ్వరికి బరువులెత్తడం నేర్పింది నీలంశెట్టి అప్పన్న గారే. అటువైపు అంత సహజమనిపించేది ఇటువైపు వింతగా ఎందుకు తోస్తోందన్నదే ప్రశ్న.

మూడోది, అదుపు. అన్నిటికన్నా అసలైన అభ్యంతరం ఇదేననుకుంటాను. మన బళ్ళలో డ్రిల్లు మాస్టారంటే విజిలూ బెత్తమూ కలిసిన మనిషి. ప్రార్థన వేళ వరస తప్పిన వాళ్ళని దండించేది ఆయనే, ఆలస్యంగా వచ్చిన వాళ్ళని గేటు దగ్గర ఆపేది ఆయనే. 2009 విద్యాహక్కు చట్టం బళ్ళో కొట్టడాన్ని నిషేధించింది. బెత్తం పోయినా, కొట్టగలిగిన వాళ్ళే అదుపు చేయగలరన్న నమ్మకం పోలేదు. 'ఆవిడ మగపిల్లల్ని అదుపు చేయలేదు' అన్న మాటలో దాగి ఉన్నది ఆ నమ్మకమే. నవ్వులాటగా ఆ తల్లి అన్న మాట నాకు అందుకే బాధనిపించింది. కొడుకు ఇంట్లో తన మాట వినడన్నది ఆమెకి ఫిర్యాదు కాదు, ప్రకృతి ధర్మం. పదమూడేళ్ళ వాడు స్త్రీ మాట వినకపోవడం మామూలేనని ఇంట్లో ఒప్పుకున్నాక, బళ్ళో దాన్ని ఇంకో స్త్రీ మీద రుజువుగా వాడుతున్నాం.

ఇక్కడ గ్రౌండులో వాడే భాష గురించి కూడా చెప్పాలి. చిన్నప్పటి నుంచి మగపిల్లల ఆటల్లో మనం వింటున్న మాటలేమిటి? 'ఆడపిల్లలా ఆడుతున్నావేంరా', 'గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చో'. కుర్రాడిలో రోషం రేపడానికి ఆడతనాన్ని తిట్టుగా వాడటం మన గ్రౌండ్లలో ఒక శిక్షణ పద్ధతి. గాజులేసుకున్న చేత్తో విజిలు ఊదే మనిషి ఎదురుగా ఉంటే ఆ తిట్టు నోట్లోంచి రావడం కష్టం. మా వాడి జట్టులో ఒకడు ఓసారి అలవాటుగా పక్కవాణ్ణి అలా అని, అన్న మరుక్షణం ఆవిడ వైపు చూసి తల దించుకున్నాడట. ఆవిడ ఏమీ అనలేదట, రెండు రౌండ్లు పరిగెత్తమందట. మా వాడు ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. మేం శిబిరాల్లో మగపిల్లలకి గంటలకొద్దీ చెప్పేది అక్కడ ఒక్క నిమిషంలో జరిగింది.

ఇలాంటివి చెబుతుంటే, 'అవును, ఆడవాళ్ళయితే తల్లిలా చూసుకుంటారు, కుర్రాళ్ళు మెత్తబడతారు' అని మన మిత్రులే కొందరు మద్దతుగా అంటారు. ఈ మద్దతుతో జాగ్రత్తగా ఉండాలి. తల్లి ప్రేమ పేరుతో స్త్రీని ఏ ఉద్యోగంలోకి పిలిచినా జీతమూ హోదా తగ్గించే పిలుస్తారు. అంగన్‌వాడీ కార్యకర్తల విషయంలో చూశాం, ఆశా కార్యకర్తల విషయంలో చూశాం. మా పి.ఇ.టి. మేడం మెత్తని మనిషేమీ కాదు. రైడుకెళ్ళి భయపడి వెనక్కొచ్చిన వాణ్ణి గట్టిగానే కేకలేస్తుంది. ఆవిడకి కోచ్ హోదా దక్కాల్సింది ఆవిడకి ఆట వచ్చు కాబట్టి.

అవకాశాలు పెరిగితే ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయని కూడా అనుకోలేం. అమెరికా అనుభవం మనకొక హెచ్చరిక. అక్కడ 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. విద్యాసంస్థల్లో ఆడపిల్లలకి ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. ఆడే అమ్మాయిలు ఎన్నో రెట్లు పెరిగారు. ఆ చట్టానికి ముందు కాలేజీల్లో మహిళా జట్ల కోచ్‌లలో నూటికి తొంభైకి పైగా స్త్రీలే. తరవాత ఆ ఉద్యోగాలకి డబ్బూ పేరూ వచ్చేసరికి మగవాళ్ళు వచ్చి చేరారు, స్త్రీల వాటా సగం కన్నా తక్కువకి పడిపోయింది. పురుషుల జట్లకి కోచ్‌లైన స్త్రీలు మాత్రం ఎప్పుడూ చాలా తక్కువే. అంటే తలుపు ఒకవైపే తెరుచుకుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో క్రీడాకారుల్లో దాదాపు సగం మంది స్త్రీలు. కోచ్‌లలో నూటికి 13 మంది.

మన దగ్గర పరిస్థితి ఇంకో రకం. మన హైస్కూళ్ళు చాలావాటిలో పి.ఇ.టి. పోస్టు ఉంటే ఒక్కటే ఉంటుంది. ప్రభుత్వోద్యోగాల్లో మూడోవంతు మహిళా రిజర్వేషన్ వల్ల ఆ ఒక్క పోస్టులోకి స్త్రీలు వస్తున్నారు. వాళ్ళలో చాలామంది వ్యవసాయ కుటుంబాల నుంచి, దళిత, బి.సి. కుటుంబాల నుంచి ఆటలు ఆసరాగా పైకొచ్చిన వాళ్ళు. ఆ బడిలో మగపిల్లల జట్టుకీ వాళ్ళే కోచ్‌లు కావాలి. ఎవరూ ఉద్యమం చేసి సాధించని ఒక అవకాశం రిజర్వేషన్ పుణ్యమా అని మన కళ్ళముందుంది. దాన్ని 'తోడు', 'ఎస్కార్ట్' వంటి చిన్న చిన్న మాటలతో జారవిడుచుకుంటున్నాం.

స్త్రీల సంఘాలుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎంట్రీ ఫారంలో, సర్టిఫికెట్లో, సర్వీసు రికార్డులో నేర్పిన మనిషి పేరే కోచ్‌గా ఉండాలని అడగాలి. పిల్లలు బయట ఊళ్ళో రాత్రుళ్ళు ఉండే ప్రతి పోటీకీ, అది ఆడపిల్లలదైనా మగపిల్లలదైనా, ఇద్దరు పెద్దలు వెళ్ళే నియమం కావాలి. 2012 పోక్సో చట్టం మగపిల్లలకీ రక్షణ ఇస్తుందన్న సంగతి మనమే తరచు మరిచిపోతాం. ఆ రెండో మనిషి వల్ల కోచ్ హోదా మాత్రం మారకూడదు. పని స్థలాల్లో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం క్రీడాసంస్థలనీ, స్టేడియంలనీ, పోటీలు జరిగే చోట్లనీ పని స్థలాలుగా పేరు పెట్టి చేర్చింది. మహిళా పి.ఇ.టి.లకి ఈ సంగతి చెప్పాలి. మన శిబిరాలకి వాళ్ళని పిలిచి, వాళ్ళు చెప్పేది వినాలి. ఆడపిల్లల్ని ఆడనివ్వమని ఇన్నాళ్ళూ అడిగాం. మగపిల్లలకి స్త్రీల దగ్గర నేర్చుకునే అవకాశం ఇవ్వమని కూడా అడగాలి.

మా బడి విషయానికొస్తే, మరో అయిదుగురు తల్లులతో కలిసి హెడ్మాస్టరు గారికి ఉత్తరం రాశాను. సంతకం పెట్టిన వాళ్ళలో ఆ రోజు నవ్వుతూ మాట్లాడిన తల్లి కూడా ఉంది. ఈ ఏడు ఎంట్రీ ఫారంలో కోచ్ అన్న చోట ఆవిడ పేరే రాశారు. లెక్కల సారు రెండో మనిషిగా వెళ్ళారు. ఆ సంగతి చెప్పి సంతోషం పంచుకుందామని గ్రౌండుకి వెళ్ళాను. ఆవిడ సంతోషించింది. మరుక్షణమే, "మేడం, పొద్దున ఆరు నుంచీ ఎనిమిదిన్నర దాకా ఇక్కడే ఉంటాను. ఈ గ్రౌండులో ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. దానికి కూడా ఒక ఉత్తరం రాస్తారా?" అంది.

ఆ ఉత్తరం ఇంకా రాయాలి.