మెచ్చిన పుస్తకానికి మన బాకీ

పుస్తకం చేతబట్టిన పిల్లలు కనబడితే మాకు ఎంతో సంతోషం కలుగుతుంది. గత మాసం మా సోదరి ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ సంతోషంలోకి ఒక చిక్కు ప్రశ్న వచ్చి చేరింది. ఇంటర్మీడియట్ చదువుతున్న మా మేనల్లుడు భోజనానికి ఎన్నిసార్లు పిలిచినా పలకడం లేదు. గది మూలన కూర్చుని ఫోన్‌లోంచి తల ఎత్తడం లేదు. “ఆటలు కాదు భయ్యా, ఏదో కథల పుస్తకమట. వారం రోజులుగా ఇదే వరస. దస్తర్‌ఖాన్ పరిచాక పది కేకలు వేస్తే గాని రాడు” అని మా సోదరి మొరపెట్టుకుంది.

దగ్గరికి వెళ్ళి చూశాం. వాడు చదువుతున్నది ‘ద లార్డ్ ఆఫ్ ది రింగ్స్’. ఆ పుస్తకం మేము కూడా చదివామని చెప్పగానే వాడి ముఖం వెలిగిపోయింది. ఉంగరాన్ని మోసుకుపోయే ఫ్రోడో గురించి, అతన్ని విడిచిపెట్టని సామ్ గురించి, ఇద్దరం అన్నం చల్లారేదాకా మాట్లాడుకున్నాం. చివరికి యథాలాపంగా “పుస్తకం ఎక్కడ కొన్నావు?” అని అడిగాం.

“కొనడమెందుకు మామూ? స్నేహితుడు పీడీఎఫ్ పంపాడు. రాసినాయన ఎప్పుడో పోయాడు కదా, ఇందులో ఎవరికి నష్టం?” అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాం. జవాబు తెలియక కాదు. మా ఫోన్‌లోనూ అటువంటి ఫైళ్ళు నాలుగైదు ఉన్నాయన్న సంగతి అప్పుడే గుర్తుకొచ్చింది. అందులో ఒకటి, ఇప్పటికీ రాస్తున్న ఒక తెలుగు రచయిత నవల. ఆనాడు వాడికి చెప్పలేకపోయిన జవాబును ఈ మాసం పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఆ జవాబు వాడు చదువుతున్న పుస్తకం చరిత్రలోనే ఉంది.

ఆ గ్రంథకర్త జె.ఆర్.ఆర్. టోల్కీన్. 1892లో దక్షిణాఫ్రికాలో జన్మించారు. నాలుగేళ్ళ వయసులో తండ్రిని, పన్నెండేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడి, తర్వాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన ఆంగ్ల భాషాచార్యులయ్యారు. 1937లో వెలువడిన ఆయన పిల్లల కథ ‘ద హాబిట్’ ఆదరణ పొందడంతో, ప్రచురణకర్తలు దానికి కొనసాగింపు కావాలన్నారు. ఆ ఏడాది డిసెంబరులో మొదలుపెట్టిన కథ ముగిసేసరికి పన్నెండు సంవత్సరాలు పట్టింది. నడుమ రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. కాగితం కరవైన ఆ రోజుల్లో పరీక్ష పత్రాల వెనుక వైపున కూడా ఆయన రాసుకున్నారు. వృత్తి టైపిస్టుకు చెల్లించే స్తోమత లేక వెయ్యి పుటలకు మించిన ఆ రచనను స్వయంగా టైపు చేసుకున్నారు.

ఇంత శ్రమ పడి రాసినా పుస్తకం అమ్ముడవుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. లండన్‌లోని జార్జ్ అలెన్ అండ్ అన్విన్ సంస్థ దీని మీద వెయ్యి పౌండ్లు నష్టపోవలసి వస్తుందేమోనని లెక్కవేసుకుని, అందుకు సిద్ధపడే అచ్చు వేసింది. ఖర్చులు తిరిగి వచ్చేవరకు రచయితకు ఏమీ ముట్టదు, ఆ తర్వాత లాభంలో సగం ఇస్తాం అన్నది వారి ఒప్పందం. వ్యయం భరించలేక ఒకే నవలను మూడు సంపుటాలుగా విడదీశారు. మొదటి రెండూ 1954లో, మూడవది 1955లో వచ్చాయి. తొలి సంపుటం మొదటి ముద్రణ సుమారు మూడు వేల ప్రతులు మాత్రమే.

అవి ఆరు వారాలు తిరగకముందే అయిపోయాయి. రెండవ సంపుటం చివర ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కుతాడు. అక్కడ కథ ఆగిపోయింది. అనుబంధాలు సిద్ధం కాకపోవడంతో మూడవ సంపుటం దాదాపు ఏడాది ఆలస్యమైంది. పాఠకులు ఓపిక పట్టలేక ప్రచురణకర్తలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. పుస్తకం మరీ చిన్నదైపోయిందన్న ఒక్క విమర్శను మాత్రం తాను అంగీకరిస్తున్నానని తర్వాత టోల్కీన్ ముందుమాటలో చమత్కరించారు.

ఆంగ్ల సాహిత్యంలో అద్భుత కథ అంటే పిల్లల వినోదమని తలచే కాలమది. టోల్కీన్ ఆ తలపును తలక్రిందులు చేశారు. తాను కల్పించిన లోకానికి పటాలు గీశారు. అక్కడి జాతులకు వ్యాకరణంతో సహా భాషలు సృష్టించారు. వేల సంవత్సరాల చరిత్రను, వంశావళులను, పంచాంగాలను కూర్చారు. నేడు అద్భుత నవల తెరిస్తే మొదటి పుటలోనే పటం కనబడడం, ఒకే కథ మూడు సంపుటాలుగా సాగడం రివాజైపోయిందంటే అది చాలావరకు ఈ పుస్తకం వేసిన దారే. అందరూ మెచ్చారని కాదు. ఆడెన్ వంటి మహాకవి దీనిని వేనోళ్ళ కొనియాడగా, ఎడ్మండ్ విల్సన్ వంటి విమర్శకుడు చీల్చి చెండాడారు. పాఠకులు మాత్రం తమ తీర్పు మార్చుకోలేదు. 1997లో బ్రిటన్‌లో పాతిక వేల మందికి పైగా పాల్గొన్న ఓటింగులో శతాబ్దపు పుస్తకంగా దీనినే ఎన్నుకున్నారు. 2003లో బీబీసీ నిర్వహించిన ఓటింగులోనూ ప్రథమ స్థానం దీనిదే.

ఇక మా మేనల్లుడి ప్రశ్నకు వద్దాం. 1965లో అమెరికాలో ఏస్ బుక్స్ అనే సంస్థ ఈ మూడు సంపుటాలను చౌక ప్రతులుగా, ఒక్కొక్కటి 75 సెంట్లకు, విపణిలోకి తెచ్చింది. రచయితను అడగలేదు, పైసా ఇవ్వలేదు. బ్రిటన్‌లో అచ్చయిన పుటలను పరిమితికి మించి దిగుమతి చేసుకున్నందువల్ల అమెరికాలో ఈ పుస్తకానికి కాపీరైటు రక్షణ లేదని ఆ సంస్థ వాదన. ఆ వాదన చెల్లదని ఒక అమెరికా న్యాయస్థానం తేల్చేసరికి 1992వ సంవత్సరం వచ్చింది. 1965 నాటి విద్యార్థికి ఈ సంగతులేవీ తెలియవు. దుకాణంలో చౌకగా కోరుకున్న పుస్తకం కనబడుతోంది. చట్టం అడ్డు చెప్పడం లేదు. ఎవరు మాత్రం వెనుకాడతారు?

టోల్కీన్ కోర్టుకు వెళ్ళలేదు. తనకు ఉత్తరాలు రాసే అమెరికా పాఠకులకు జవాబిస్తూ, ఆ చౌక ప్రతి తన అనుమతి లేకుండా వచ్చినదనీ, ఆ మాట మిత్రులకు కూడా చెప్పమనీ ప్రతి ఉత్తరంలో చేర్చసాగారు. అదే ఏడాది బాలంటైన్ సంస్థ రచయిత సమ్మతితో 95 సెంట్లకు ప్రతులు తెచ్చింది. సజీవులైన రచయితల పట్ల కనీస మర్యాద ఉన్నవారు ఈ ప్రతినే కొంటారన్న భావంతో టోల్కీన్ విన్నపం ఆ ప్రతుల మీద అచ్చయింది.

రెండు ప్రతుల్లోనూ ఉన్నది ఒకే కథ, తేడా 20 సెంట్లు. ఆ 20 సెంట్లు అదనంగా చెల్లించమని పాఠకులను నిర్బంధించినవారు ఎవరూ లేరు. అయినా మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. కళాశాలల్లో పాఠకులే ప్రచారకులయ్యారు. తోటి రచయితలు గొంతు కలిపారు. ఏస్ ప్రతులు ఆ ఏడాది దాదాపు లక్ష అమ్ముడైనా, అధీకృత ప్రతి వాటిని త్వరలోనే దాటిపోయి పది లక్షలకు చేరింది. చివరకు ఏస్ సంస్థ దిగివచ్చింది. అమ్మిన ప్రతులకు గాను తొమ్మిది వేల డాలర్లకు పైగా రచయితకు చెల్లించి, మళ్ళీ అచ్చు వేయబోమని ఒప్పుకుంది. న్యాయస్థానం తేల్చడానికి పాతికేళ్ళకు పైగా ముందే పాఠకులు న్యాయం చేశారు.

పాఠకుల అభిమానానికి మరో ముఖం కూడా ఉందని ఇక్కడ చెప్పుకోవాలి. కీర్తి పెరిగినకొద్దీ అమెరికా అభిమానులు వేళ చూసుకోకుండా ఫోన్లు చేసేవారు. వారికి సాయంకాలమైతే ఆక్స్‌ఫర్డ్‌లో అర్ధరాత్రి. నిద్ర కరవైన ఆ వృద్ధ దంపతులు 1968లో ఊరు మారి, తమ చిరునామానూ ఫోన్ నంబరునూ గోప్యంగా ఉంచుకోవలసి వచ్చింది. అర్ధరాత్రి ఫోన్ చేసినవారికీ ఆ పుస్తకం మీద ప్రేమ ఉంది. 20 సెంట్లు ఎక్కువ ఇచ్చినవారికీ ఉంది. ఒకరి ప్రేమ తన సరదాను చూసుకుంది. మరొకరి ప్రేమ ఎదుటివారి హక్కును చూసింది.

కూలివాని చెమట ఆరకముందే కూలి ముట్టజెప్పాలని మన ఇళ్ళలో పిల్లలకు చిన్ననాటి నుంచే నేర్పుతాం. తాపీమేస్త్రీకి, దర్జీకి, పాలవాడికి బాకీ పడితే మనకు నిద్ర పట్టదు. రాసేవాని చెమట మాత్రం మన కంటికి ఆనదు. పన్నెండేళ్ళు కూర్చుని రాసిన పుస్తకమైనా ఫోన్‌లోకి ఒక్క క్షణంలో వచ్చి పడుతుంది కనుక, అది కూడా శ్రమేనన్న సంగతి మరచిపోతున్నాం.

“ఆయన పోయాడు కదా” అన్న మాటకు లెక్క చూద్దాం. టోల్కీన్ 1973లో కన్నుమూశారు. మన దేశ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు ఆయన హక్కు వారసులకు చెందుతుంది. అంటే ఇక్కడ ఆ హక్కు 2033 చివరి వరకు ఉంది. తండ్రి పోయాక ఆయన ఇంటి అద్దె పిల్లలకు ఎగవేయవచ్చునని మనలో ఎవరమూ అనం. సరే, ఆ కుటుంబానికి మన వందల రూపాయలు లెక్కలోవి కావు అనుకుందాం. మరి మా ఫోన్‌లో ఉన్న తెలుగు నవల మాటేమిటి? తెలుగులో ఒక పుస్తకం కొన్ని వందల ప్రతులు అచ్చయితే, అందులో పాతిక ప్రతులు అమ్ముడుకాకపోయినా ఆ రచయితకు తెలుస్తుంది. ఆ పాతికలో ఒకటి మేము ఎగవేసినది. లోకంలో పేరున్నవారి విషయంలో పడిన అలవాటు పేరు లేనివారి పొట్ట మీద కొడుతుంది.

“పుస్తకాల ధరలు మండిపోతున్నాయి కదా” అని పాఠకులు అనవచ్చు. నిజమే, కాదనం. పుస్తకం కొనలేకపోవడం దోషం కాదు. గ్రంథాలయం ఉంది. పాత పుస్తకాల దుకాణం ఉంది. కొన్నవారి దగ్గర ఎరువు తెచ్చుకుని చదివి, నలగకుండా తిరిగి ఇవ్వడం ఉంది. వీటిలో ఏదీ ఎవరి హక్కునూ హరించదు. ఏదీ కుదరకపోతే కొంతకాలం వేచి ఉండడం కూడా ఒక మార్గమే. 1955లో మూడవ సంపుటం కోసం ఏడాది పాటు ఎదురుచూసిన పాఠకులకు ఆ కథ రుచి తగ్గలేదు.

ఈ మాటలన్నీ మా మేనల్లుడికి చెప్పే ముందు మా ఫోన్‌లోని ఫైళ్ళు తీసివేశాం. ఆ తెలుగు నవలను తెప్పించుకున్నాం. ఆ తర్వాతే వాడి దగ్గర కూర్చున్నాం. అంతా విని వాడు కాసేపు మౌనంగా ఉన్నాడు. “ఇప్పుడు కథ మధ్యలో ఆపేయమంటారా మామూ?” అని దిగాలుగా అడిగాడు. ఆ బాధ మాకు తెలియనిది కాదు.

రెండు రోజుల తర్వాత మా సోదరి ఫోన్ చేసింది. వాడూ, వాడి పెదనాన్నగారి పిల్లలిద్దరూ కలిసి ఈదీ డబ్బుల్లో మిగిలినవి లెక్కపెట్టుకున్నారట. తలా ఒక సంపుటం కొని, మార్చుకుని చదువుకోవాలని నిర్ణయించుకున్నారట. ముందుగా రెండవ సంపుటమే కొనాలని మా వాడు పట్టుబడుతున్నాడు. ఎందుకంటే వాడు కథ ఆపింది అక్కడే.